వాళ్ళు ఏం చేసి బతుకుతారు? 2018లో నేను చూసిన సినిమాలు

ఏడాది చివర నచ్చిన సినిమాలు, ఉసూరుమనిపించిన సినిమాలు అని రెండు వరసలు రాసుకోవడం కాలేజీ రోజుల నుంచి నాకున్న అలవాటు. మామూలుగా అరగంటలో తేలిపోయే పని. 2018ది మాత్రం సంక్రాంతి దాకా సాగింది. ఆ ఏడాది తెలుగులో మంచి సినిమాలు వరసకట్టి రావడం ఒక కారణం. ఏది ఎందుకు నచ్చిందో నాకే కొత్తగా తెలిసిరావడం ఇంకో కారణం.

నా పద్ధతి చాలా చిన్నది. టిక్కెట్టు ముక్క పారేయను. ఇంటికొచ్చాక దాని వెనక బాల్‌పెన్నుతో తోచింది ఓ మాట రాసి, బీరువాలో ఉన్న పాత బిస్కెట్ల డబ్బాలో పడేస్తాను. డిసెంబరు నెలాఖరున డబ్బా బోర్లించి చూస్తే, మల్టీప్లెక్సు టిక్కెట్లు చాలావరకు తెల్లబడి ఉన్నాయి. ఆ బిల్లు కాగితాల మీద అచ్చు వేడికీ వెలుతురుకీ చెరిగిపోయే రకం. మా విశాఖపట్నం జగదాంబ సెంటర్ చుట్టుపక్కల పాత హాళ్ళవి, ఆ పలచటి రంగు కాగితాలు, నిక్షేపంగా ఉన్నాయి. మిగతావాటికి వెనక నా రాత ఉంది, ముందు సినిమా పేరు లేదు. రాతను బట్టి సినిమా పోల్చుకోవాల్సి వచ్చింది.

ఒకదాని వెనక ‘మోటారు’. ఇంకోదాని వెనక ‘ఆఫీసు ఉంది, పని లేదు’. మరోదానికి ‘పెళ్ళి వీడియోలు కోసేవాడు భలే’. ఫోనులో బుకింగ్ మెసేజీలు ముందేసుకుని జతపరుస్తూ పోతే ఒక సంగతి బయటపడింది. పాటల గురించి, ఫైట్ల గురించి, హీరోల గురించి నేను రాసుకున్నది బహు తక్కువ. సినిమాలో మనుషులు ఏం చేసి బతుకుతున్నారో అదే పట్టుకుని రాశాను, ఏడాది పొడుగునా.

‘ఆఫీసు ఉంది, పని లేదు’ అనేది జనవరి 10న వచ్చిన ‘అజ్ఞాతవాసి’. పవన్ కళ్యాణ్‌కి ఇరవై అయిదో సినిమా, త్రివిక్రమ్‌తో మూడోది, పైగా అనిరుధ్ పాటలు. మా బావమరిది గాజువాక నుంచి చీకట్లోనే బండి మీద వచ్చి నన్ను నిద్రలేపి మరీ తీసుకెళ్ళాడు. కాగితాలు చించి గాల్లోకి ఎగరేయడం, ఈలలు, టైటిల్సులో ఒక్క పేరూ చదవనివ్వని గోల, అన్నీ మామూలే. ఇంటర్వెల్ తర్వాత హాలు క్రమంగా చల్లబడింది. పెద్ద కంపెనీ వారసుడు మారుపేరుతో అదే కంపెనీలో ఉద్యోగానికి చేరతాడు. అంతవరకూ బాగుంది. ఆ కంపెనీ ఏం చేస్తుంది, ఎవరికి ఏం అమ్ముతుంది, అక్కడున్న వాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారు అన్నది మాత్రం తెలియదు. రావు రమేష్, మురళీ శర్మ లాంటి నటుల్ని శర్మ, వర్మ అని కూర్చోబెట్టి వాళ్ళ చేత అవమానాలు మింగించడమే ఆఫీసు కామెడీ. బయటికొచ్చి టీ తాగుతుంటే మా బావమరిది అన్న మాట: “ఏటి బావా, ఆళ్ళకి జీతాలు ఎందుకిస్తన్నారో అర్థం కానేదు.” వీరాభిమాని అతను. అతని నోట ఆ మాట వచ్చాక నేను రాయడానికి ఇంకేం మిగిలింది?

ఫిబ్రవరిలో ‘తొలిప్రేమ’ హాయిగా సాగిపోయింది. ‘అ!’ నాకు సగం ఎక్కింది, సగం ఎక్కలేదు. వంట రానివాడు వంటవాడిగా చేరి, చేప చెప్పినట్టు వండే ముక్క మాత్రం తలుచుకుని ఇప్పటికీ నవ్వుకుంటాను. మార్చి మొదటి వారంలో హాళ్ళే మూతపడ్డాయి. డిజిటల్ ప్రొజెక్షన్ కంపెనీలు వసూలు చేసే వర్చువల్ ప్రింట్ ఫీజు మీద నిర్మాతలకీ వాళ్ళకీ తగువు. ప్రేక్షకులకి అది అర్థం కాని గొడవ. వారం తిరిగేసరికి మళ్ళీ తెరిచారు.

‘మోటారు’ అని రాసింది ‘రంగస్థలం’ గురించి. మార్చి 30న విడుదల. మొదటి వారం పాత హాల్లో, తర్వాత ఇంకోసారి మల్టీప్లెక్సులో చూశాను. చిట్టిబాబుకి వినికిడి తక్కువ. మోటారు పెట్టి ఊళ్ళో పొలాలకి నీళ్ళు తోడడం అతని పని. తనకి తాను పెట్టుకున్న బిరుదు సౌండ్ ఇంజనీరు. రామ్ చరణ్ లుంగీ, గడ్డం గురించి అందరూ మాట్లాడారు. నాకు మాత్రం కథ మొత్తం అతని పనిలోంచి పుట్టడం నచ్చింది. నీళ్ళు కావాలి కాబట్టి ప్రతి రైతుతోనూ అతనికి మాట ఉంటుంది. ఆ రైతులకి సొసైటీలో అప్పులున్నాయి. సొసైటీ లెక్కలు ప్రెసిడెంటు చేతిలో ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళుగా కుర్చీ దిగని ఆ ప్రెసిడెంటుని చూసి ఊరు భయపడేది కత్తికి కాదు, ఆ పుస్తకాలకి. దుబాయ్ నుంచి వచ్చిన అన్న ఆ లెక్కలు అడగడంతో అసలు కథ మొదలవుతుంది. మా నాన్నగారి ఊళ్ళో సహకార సంఘం ఆఫీసు అరుగు మీద కూర్చుని పెరిగినవాణ్ణి నేను. ఆ భయం ఎలా ఉంటుందో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ ఊరు చాలావరకు నిజం ఊరు కాదు, హైదరాబాదులో వేసిన సెట్టు. ఎనభైల నాటి గోడలు, బడ్డీకొట్లు కట్టినవే. తెలిసి చూసినా తేడా దొరకలేదు. చిట్టిబాబు చెవుడిని కూడా నవ్వుకోవడానికి నాలుగు సీన్లు వాడుకుని వదిలేయలేదు. చివరిదాకా దానికి కథలో పనుంది. రంగమ్మత్తగా అనసూయ, అన్నగా ఆది పినిశెట్టి ఎక్కడా హీరో పక్కన నిలబడ్డట్టు ఉండరు, వాళ్ళ బతుకు వాళ్ళు బతుకుతుంటారు. మూడు గంటలకి కాస్త ఇటుగా ఉన్న నిడివిలో నాకు అడ్డుపడింది ‘జిగేలు రాణి’ ఒక్కటే. పాట చెడ్డదని కాదు, అక్కడ బండి ఆగింది. మా బావమరిది దీనికి ఒప్పుకోడు.

మరుసటి ఏడాది జాతీయ అవార్డుల్లో ‘రంగస్థలం’కి ఆడియోగ్రఫీ విభాగంలో వచ్చిందని విని సంతోషించాను. వినపడనివాడి కథకి ధ్వని అవార్డు రావడం న్యాయమే.

మే 9న ‘మహానటి’. మా అమ్మ హాలుకి రావడం మానేసి చాలా కాలమైంది, దీనికి మాత్రం తనే అడిగి వచ్చింది. సావిత్రి జీవితం అనగానే మందు, అప్పులు, కోమా చూపించి ఏడిపిస్తారని నా అనుమానం. అవీ ఉన్నాయి. కానీ నాగ్ అశ్విన్ మొదటి సగమంతా నటనని ఒక పనిగా చూపించాడు. నేర్చుకోవడం, తప్పడం, మళ్ళీ చేయడం. పాతకాలం దర్శకుడు కె.వి.రెడ్డి వేషంలో క్రిష్ కూర్చుని, ఎడమ కంట్లోంచి మాత్రమే రెండు చుక్కలు రావాలని అడిగే సీను చూడండి. అక్కడ అమ్మాయికి ఏడుపు వస్తుందా రాదా అన్నది ప్రశ్న కాదు. ఎంత రావాలో, ఎటు రావాలో చేతిలో ఉంచుకోవడం పనితనం. ‘మాయాబజార్’లో శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి చేసిన నడకని కీర్తి సురేష్ మళ్ళీ చేసి చూపిస్తుంటే మా అమ్మ కుర్చీలో ముందుకి జరిగింది. తను చీరల్ని కూడా పోల్చింది: “ఆ అంచు ఫలానా సినిమాలోదిరా” అని చెవిలో చెబుతూనే ఉంది. పక్క సీటాయన విసుక్కోలేదు, ఆయన పక్కన కూడా వాళ్ళమ్మే ఉంది మరి.

నత్తి ఉన్న విలేఖరి మధురవాణి కథ నాకు మొదట అదనపు బరువు అనిపించింది. రెండోసారి చూశాక అదీ పని కథేనని తోచింది. పత్రికలో చిన్న ముక్క రాయమని అప్పజెప్తే ఒక జీవితాన్ని తవ్వుకొచ్చిన ఆడపిల్ల. సమంత ఆ పాత్రలో ఎక్కడా మెరవాలని చూడలేదు. రెండో సగంలో మాత్రం పతనాన్ని వరసగా పేర్చుకుపోయిన తీరు నాకు అంతగా రుచించలేదు. సావిత్రి తను డైరెక్టు చేసిన సినిమాల దగ్గర ఇంకాసేపు ఆగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ ఎండాకాలంలో మిగతావి గబగబా చెప్పేస్తాను. ‘భరత్ అనే నేను’లో ముఖ్యమంత్రికి చేతినిండా పని ఉంది, ప్రెస్‌మీట్ సీను ఒక్కటే టిక్కెట్టు డబ్బులు గిట్టించింది. ప్రేమకథ దగ్గర మాత్రం రాష్ట్ర పాలన సెలవు పెట్టేసింది. ‘సమ్మోహనం’ నేను అనుకున్నదానికన్నా మంచి సినిమా: పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసే కుర్రాడు, తెలుగు రాని సినిమా తారకి డైలాగులు పలకడం నేర్పిస్తాడు. సినిమాల్లో వేషం కోసం తన ఇంటినే షూటింగుకి ఇచ్చేసే నాన్నగా నరేష్ నవ్వించి చంపాడు. ‘ఈ నగరానికి ఏమైంది’లో నలుగురు కుర్రాళ్ళూ షార్ట్ ఫిల్ములు తీయాలని కలలు కన్నవాళ్ళు. కొన్నేళ్ళు తిరిగేసరికి ఒకడు డబ్బింగు చెబుతుంటాడు, ఒకడు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తుంటాడు, ఒకడు పబ్బులో మేనేజరు. అభినవ్ గోమటం డైలాగులు జనం నోళ్ళలో నానాయి కానీ, నాకు ఆ పెళ్ళి వీడియోల వాడి మొహమే గుర్తుండిపోయింది. మన పెళ్ళిళ్ళలో కెమెరా పట్టుకుని భోజనానికి ఆఖర్న కూర్చునే కుర్రాడికి కూడా ఒక కథ ఉంటుందని ఎవరు అనుకున్నారు?

ఆగస్టు 3న ‘గూఢచారి’, ‘చి.ల.సౌ.’ ఒకేరోజు వచ్చాయి. ‘గూఢచారి’ చూసి ఆశ్చర్యపోయాను. పెద్ద సినిమాకయ్యే డబ్బు లేకుండానే పెద్ద సినిమాలా తీశారు. అడివి శేష్ తుపాకీ పట్టుకునే ముందు శిక్షణంతా చూపించడం నాకు నచ్చింది. పదిహేనో తారీఖున ‘గీత గోవిందం’. హాలంతా నవ్వుతుంటే నేనూ నవ్వాను, ‘ఇంకేం ఇంకేం’ పాట నెల పాటు నోట్లోంచి పోలేదు. కథానాయకుడు లెక్చరరు, కానీ నాకు క్లాసురూము కన్నా బస్సే గుర్తుంది. నా కొలతకి లొంగకుండా నచ్చేవి కూడా ఉంటాయి. ఇది నచ్చినవాటి వరసలోనే పడింది, కాస్త కింద.

‘కేరాఫ్ కంచరపాలెం’ గురించి రాయాలంటే మేం కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. విశాఖపట్నం వాళ్ళం కదా, పక్షపాతం ఎలాగూ ఉంటుంది. మా ఇంటి నుంచి కంచరపాలెంలో ఊర్వశి జంక్షన్‌కి బండి మీద పావుగంట. సెప్టెంబరు 7న విడుదలైంది. స్టార్లు లేరు. అందులో చాలామంది నిజంగా ఆ పేట వాళ్ళే, కెమెరా ముందుకు రావడం అదే మొదటిసారి. తీసింది వెంకటేష్ మహా అనే కొత్త దర్శకుడు. నిర్మాత పరుచూరి ప్రవీణ అమెరికాలో గుండె డాక్టరు, సలీమా వేషం వేసింది కూడా ఆవిడే. అప్పటికే న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి వెళ్ళొచ్చింది. సురేష్ ప్రొడక్షన్స్ వాళ్ళు చేతుల్లోకి తీసుకోవడంతో మా హాళ్ళ దాకా వచ్చింది. లేకపోతే ఇక్కడి సినిమా గురించి ఎక్కడో అమెరికా వాళ్ళు చెబితే వినేవాళ్ళం.

రాజు గవర్నమెంటు ఆఫీసులో అటెండరు. నలభై తొమ్మిదేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు, అదే పేటకంతటికీ పెద్ద సమస్య. ఒడిశా నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు రాధ. అటెండరుకీ ఆఫీసరుకీ మధ్య ప్రేమ అనగానే మన సినిమాల్లో ఏం జరుగుతుందో ఊహించుకోండి, అలాంటిదేదీ ఇక్కడ లేదు. బల్ల ఎవరిది, కుర్చీ ఎవరిది, టీ ఎవరు తేవాలి అన్న లెక్కలన్నీ చూపించి, వాటి మధ్యలోంచే ఇద్దరూ దగ్గరవుతారు. గడ్డం అని పిలిచే అతను మద్యం దుకాణంలో పనిచేస్తాడు. గాజుగ్లాసుకీ సలీమా బుర్ఖాకీ మధ్య కళ్ళతో పుట్టిన ప్రేమ అతనిది. జోసెఫ్ దెబ్బలాటలకి వెళ్ళే కుర్రాడు. సుందరం చిన్నపిల్లాడు, వాళ్ళ నాన్న బొమ్మలు చేస్తాడు. ఎవరు ఏం చేసి కడుపు నింపుకుంటున్నారో తెలియని మనిషి ఈ సినిమాలో ఒక్కడు కూడా లేడు. చివరి పది నిమిషాల్లో ఏమవుతుందో చెప్పను. ఇప్పటికీ చూడనివాళ్ళు ఉంటారు.

మాట గురించి చెప్పుకోవాలి. మా ఉత్తరాంధ్ర యాస తెరమీద వినపడిందంటే అది పనిమనిషో, తాగుబోతో, కామెడీ పోలీసో అయ్యుండాలి, చిన్నప్పట్నుంచీ అదే చూస్తున్నాం. ఇక్కడ అదే యాసలో ప్రేమించుకున్నారు, దేవుణ్ణి నిలదీశారు, పంచాయితీ పెట్టి ఒకరి పరువు తీశారు. మేము చూసిన ఆటలో మొదటి పది నిమిషాలు హాల్లో జనం యాస వినగానే అలవాటు కొద్దీ నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది, ఎందుకంటే తెరమీద ఎవరూ నవ్వించడానికి మాట్లాడటం లేదు. బయటికొచ్చేటప్పుడు మా వెనక నడుస్తున్న పెద్దాయన “ఆ పూలకొట్టు మా అత్తారి సందులోదే” అని ఎవరికో చెబుతున్నాడు. అవునో కాదో నాకు తెలియదు.

అక్టోబరు 11న ‘అరవింద సమేత’. అదే రోజు తెల్లారేసరికి తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా ఆవిడ పుట్టిల్లు సోంపేట వైపు. కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలకొరిగాయి, ఫోన్లు కలవలేదు, కరెంటు లేదు. కొన్నాళ్ళు మా ఇంట్లో సినిమా ఊసే లేదు. ఉద్దానంలో ఒక కొబ్బరిచెట్టు మళ్ళీ కాపుకి రావాలంటే ఎన్నేళ్ళు పడుతుందో మా మామగారు లెక్క చెబుతుంటే వినడం కష్టంగా ఉండేది. అందుకని ఆ సినిమా ఆలస్యంగా, కాస్త బరువు మనసుతో చూశాను. బహుశా అందుకే ‘పెనివిటి’ పాట గట్టిగా తగిలింది. ఇంటి మగాడి కోసం ఎదురుచూసే ఆడమనిషి గొంతు అది. కత్తులు దూసే కథలో, నరకడం ఆపమని ఆడవాళ్ళు చెబితే విని ఆగిన కథానాయకుణ్ణి చూడటం కొత్తగా ఉంది. సంక్రాంతికి ఉసూరుమనిపించిన త్రివిక్రమే దసరాకి ఇది తీశారు. రెండు వరసల్లోనూ ఒకే దర్శకుడి పేరు రావడం నా జాబితాల్లో అరుదు.

ఇక నిరాశలు. ‘2.0’ని నేను త్రీడీలో చూశాను. ఆ హాల్లో వెలుతురు ఎంత తక్కువంటే పక్షులూ ఫోన్లూ ఒకటే నలుపు. ఆ సంగతి పక్కన పెట్టినా, పక్షుల కోసం బతుకంతా ధారపోసిన ముసలి శాస్త్రవేత్త కథ చెబుతున్నంతసేపూ కదిలిపోయాను, అతను రాక్షసుడైపోయాక సినిమా నాకు అయిపోయింది.

డిసెంబరు 21 శుక్రవారం జాతరే. ‘అంతరిక్షం’, ‘పడి పడి లేచె మనసు’, తెలుగులో ‘కేజీఎఫ్’, ధనుష్ ‘మారి 2’, హిందీలో ‘జీరో’, అన్నీ ఒకే రోజు. నేను పరిగెత్తింది ‘అంతరిక్షం’కి. సంకల్ప్ రెడ్డి అంతకుముందు ఏడాది ‘ఘాజీ’ తీసినవాడు. 1971లో ఆ పాకిస్తాన్ జలాంతర్గామి మునిగింది మా సముద్రంలోనే. బీచ్ రోడ్డులో ‘కురుసుర’ జలాంతర్గామి లోపలికి దూరి, ఆ ఇరుకు బంకుల్లో నావికులు ఎలా పడుకునేవారో ఆలోచిస్తూ పెరిగినవాళ్ళం, ఆ దర్శకుడి మీద మాకు ప్రత్యేక అభిమానం. ‘అంతరిక్షం’లో పని ఉంది. ఉపగ్రహం, కక్ష్య, ఇంధనం, అన్నీ శ్రద్ధగా చెప్పారు. మనుషులే లేరు. వరుణ్ తేజ్ పాత్రకి ఒక పాత దుఃఖం తగిలించారు, అది కాగితం మీదే ఉండిపోయింది. ఎవరు ప్రాణాపాయంలో పడ్డా నాకు చేతులు చెమట పట్టలేదు. పని తెలిస్తే చాలదు, ఆ పని చేసేవాడు ఇంటికెళ్ళి ఏం తింటాడో కూడా సినిమాకి తెలియాలి. ఏడాదంతా పట్టుకొచ్చిన నా కొలతకి ఈ సినిమాతో ఇంకో ముక్క కలిసింది. ‘పడి పడి లేచె మనసు’లో సాయిపల్లవి, కలకత్తా వీధులు ఇంటర్వెల్ దాకా బాగున్నాయి. మతిమరుపు మొదలయ్యాక నేను కూడా దారి తప్పాను. ‘కేజీఎఫ్’ చూడమని మా బావమరిది వారం పాటు వెంటపడ్డాడు. వెళ్ళాను. గని లోపల కూలీలు ఉన్నంతసేపు కళ్ళప్పగించి చూశాను, మిగతా మోత అతనికే వదిలేశాను.

జాబితా తేల్చేటప్పుడు పేచీ మొదటి స్థానం దగ్గరే. నేను ‘కంచరపాలెం’ అన్నాను. మా బావమరిది “సొంతూరని మార్కులేసీకు బావా” అని ‘రంగస్థలం’ పట్టుకున్నాడు. మా అమ్మకి ‘మహానటి’ తప్ప ఇంకోటి లేదు. భోగి నాడు వంటింటి గుమ్మంలో కూర్చుని అరిసెలు తింటూ వాదించుకున్నాం. చివరికి నా డబ్బా, నా టిక్కెట్లు కాబట్టి నా మాటే నెగ్గింది: కంచరపాలెం, రంగస్థలం, మహానటి, ఈ నగరానికి ఏమైంది, సమ్మోహనం, అరవింద సమేత, గూఢచారి, ఆఖర్న గీత గోవిందం.

కాగితం మా ఆవిడ చేతికిస్తే పైనుంచి కిందకి చదివి, “చి.ల.సౌ. ఏదండీ?” అంది. ఒక్క రాత్రిలో నడిచే పెళ్ళిచూపుల కథ. తండ్రి పోయాక సంపాదించి ఇల్లు నెట్టుకొస్తున్న అమ్మాయి, ఇప్పుడే పెళ్ళి వద్దనే అబ్బాయి, మధ్యలో ఆసుపత్రి, పోలీస్ స్టేషను. నా కొలత ప్రకారం చూసినా అందులో రుహానీ శర్మ పాత్రకి పైవరసలో చోటుండాలి. ఆ టిక్కెట్టు డబ్బాలో లేదు, తెల్లబడిన వాటిలోనూ లేదు. ఆవిడే సరిచేసింది: “మీరు ‘గూఢచారి’కి పోయారు. దీనికి మా స్టాఫుతో నేను వెళ్ళాను.” ఆ రాత్రి ఫోనులో పెట్టుకుని చూశాను. సమ్మోహనం కింద, అరవింద సమేతకి పైన ఇరికించి రాశాను.